బీపీ కనపడేది ఏడో నెలలో, పునాది పడేది మూడో నెలలో

పేట్లబుర్జు ప్రసూతి దవాఖానా ఓపీకి వెళ్లినా, కూకట్‌పల్లిలో ఏదో నర్సింగ్ హోముకు వెళ్లినా, గర్భిణికి ప్రతిసారీ మూడు పనులు చేస్తారు. బరువు తూస్తారు, బీపీ చూస్తారు, చిన్న డబ్బా ఇచ్చి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉందేమో చూస్తారు. వేల రూపాయల స్కాన్ల పక్కన ఇవి లెక్కలోకి రానట్టే ఉంటాయి. స్కాన్ ఫొటో సాయంత్రానికల్లా చుట్టాల ఫోన్లన్నీ చుట్టేస్తుంది. బీపీ ఎంతుందని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది అదే. బీపీ, ఆల్బుమిన్ రెండూ ప్రధానంగా ఒకే జబ్బు కోసం వేసిన వలలు. దాని పేరు ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది దాన్నే.

ప్రపంచమంతటా చూస్తే నూటికి 3 నుంచి 8 మంది గర్భిణులకు ఇది వస్తుంది. ఎక్కువమందికి నెలలు నిండే వేళకు వచ్చి, కాన్పు తర్వాత మెల్లగా పోతుంది. కొందరికి 28, 30 వారాలకే వచ్చి తల్లి మెదడు, కాలేయం, కిడ్నీల మీద పడుతుంది, బిడ్డ ఎదుగుదలను ఆపేస్తుంది. దీని మీద చాలా పరిశోధన జరిగింది గానీ, ఇళ్లకు చేరింది మాత్రం ముక్కలు ముక్కలుగా. ఒకరికి ఎకోస్ప్రిన్ (తక్కువ మోతాదు ఆస్పిరిన్) రాస్తారు, పక్కింటామెకు రాయరు. ఒకరు ఉప్పు మానమంటారు, ఇంకొకరు అక్కర్లేదంటారు. 37 వారాలకే కాన్పు చేద్దామంటే ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి. వారాల లెక్క తెలిస్తే ఈ ముక్కలు చాలావరకు అతుకుతాయి.

మాయ దగ్గర మొదలు

డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఆ లెక్కన మూడో నెల నుంచి ఐదో నెల దాకా గర్భసంచి లోపల ఒక పెద్ద పని నడుస్తుంది. గర్భసంచి గోడలో మరమేకుల్లా మెలితిరిగిన సన్నని ధమనులుంటాయి. గర్భం నిలిచాక మాయ (ప్లాసెంటా) కణాలు ఆ ధమనుల్లోకి చొరబడి, వాటి గోడల్లోని కండరపు పొరను తొలగించి, బిగుసుకునే శక్తి లేని వెడల్పాటి గొట్టాలుగా మార్చేస్తాయి. అప్పుడు మాయలోకి రక్తం నిదానంగా, ధారాళంగా పారుతుంది. పని సగంలో ఆగితే గొట్టం సన్నగానే ఉండిపోతుంది. నల్లా మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు చిమ్మినట్టు రక్తం ఉరవడిగా వచ్చి మాయను దెబ్బతీస్తుంది, పైగా చాలినంత అందదు. ఐదో నెల దాకా బిడ్డ చిన్నగా ఉంటుంది కాబట్టి కొరత తెలియదు. బిడ్డ అవసరం పెరిగే ఏడో నెలలో తెలుస్తుంది. అప్పటికి ఆ గొట్టాలను వెడల్పు చేసే గడువు ఎప్పుడో దాటిపోయింది.

తప్పు మాయదే అనడానికి గట్టి సాక్ష్యం ముత్యాల గర్భం. అందులో చాలాసార్లు బిడ్డే ఉండదు, మాయ కణజాలం మాత్రం ద్రాక్షగుత్తిలా పెరుగుతుంది. అయినా ప్రీఎక్లాంప్సియా వస్తుంది, అదీ 20 వారాల లోపే. బిడ్డ లేకపోయినా జబ్బు వస్తోంది. మాయ తీసేస్తే పోతోంది.

మరి గర్భసంచిలో ఉన్న మాయ తల్లి మెదడును, కిడ్నీని ఎలా దెబ్బతీస్తుంది? 2003లో బోస్టన్‌లో పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం దీనికి ఒక జవాబు చూపింది. దెబ్బతిన్న మాయ ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీన్‌ను తల్లి రక్తంలోకి ఎక్కువెక్కువగా వదులుతుంది. రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే పీఎల్‌జీఎఫ్ లాంటి పెరుగుదల ప్రొటీన్లు అందాలి. ఎస్‌ఫ్లిట్-1 వాటిని దారిలోనే పట్టేసుకుంటుంది. గర్భంతో ఉన్న ఎలుకల్లో ఈ ఒక్క ప్రొటీన్‌ను పెంచితే బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది, కిడ్నీ వడపోత పొర పాడైంది. మనుషుల్లో జబ్బు బయటపడటానికి దాదాపు ఐదు వారాల ముందు నుంచే ఇది రక్తంలో పెరుగుతుందని మరుసటి ఏడాది తేలింది.

దీన్నిబట్టి రెండు విషయాలు అర్థం చేసుకోవాలి. బీపీ ఈ జబ్బుకు ముఖం మాత్రమే. లోపల దెబ్బతింటున్నది ఒళ్లంతా ఉన్న రక్తనాళాల పొర. అందుకే బీపీ మాత్ర వేసుకుంటే అంకె దిగుతుంది, మెదడులో రక్తస్రావం ముప్పు తగ్గుతుంది, జబ్బు మాత్రం ఆగదు. 150/100 ఉన్నామెకు కాలేయం దెబ్బతినొచ్చు, 170/110 ఉన్నామె రక్తపరీక్షలన్నీ బాగుండొచ్చు. ఇక రెండోది. 34 వారాల లోపు వచ్చేదీ, నెలలు నిండాక వచ్చేదీ ఒకే పేరున్న రెండు జబ్బుల్లా ప్రవర్తిస్తాయి. మొదటి దాంట్లో పైన చెప్పిన గొట్టాల లోపమే ప్రధానం, బిడ్డ కూడా చిన్నదవుతుంది. రెండో దాంట్లో మాయ తొలి రోజుల్లో సరిగ్గానే కుదురుకుని ఉండొచ్చు. తల్లి గుండె, రక్తనాళాలు, బరువు, షుగరు చివరి నెలల భారాన్ని మోయలేకపోవడం అక్కడ పెద్ద పాత్ర వహిస్తుంది. పరిశోధకుల మధ్య దీనిపై వాదన ఇంకా నడుస్తోంది గానీ, ఈ తేడా మనసులో పెట్టుకుంటేనే ఆస్పిరిన్ సంగతి అర్థమవుతుంది.

ఆస్పిరిన్ ఎందుకు ఒకప్పుడు పనిచేయలేదు

1994లో వచ్చిన క్లాస్ప్ అనే అధ్యయనంలో 9,364 మంది మహిళలున్నారు. సగం మందికి రోజూ 60 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ప్రీఎక్లాంప్సియా తగ్గింది 12 శాతం, అదీ యాదృచ్ఛికం కావచ్చన్నంత స్వల్పం. చాలామంది డాక్టర్లు అక్కడితో ఆస్పిరిన్‌ను పక్కన పెట్టేశారు. లోపం మందులో కన్నా వాడిన తీరులో ఎక్కువ ఉంది. మోతాదు తక్కువ. పైగా 12 నుంచి 32 వారాల మధ్య ఎప్పుడైనా చేర్చుకున్నారు. గొట్టాల పని 20 వారాలకు ముగుస్తుంటే 28వ వారంలో మాత్ర మొదలుపెట్టి ఏం లాభం?

2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనం ఈ లోపాలను సరిదిద్దింది. మూడో నెల స్కాన్ వేళకే ముప్పు ఎక్కువున్న 1,776 మందిని ఎంచి, 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి, వారిలో దాదాపు సగం మందికి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ 36 వారాల దాకా ఇచ్చారు. 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం. అంటే సగానికి పైగా తగ్గింది. నెలలు నిండాక వచ్చే రకం మాత్రం తగ్గలేదు. మాత్రలు నూటికి 90కి తగ్గకుండా వేసుకున్నవారిలో మేలు ఇంకా ఎక్కువ కనిపించింది. వారానికి రెండు రోజులు మరిచిపోతే దాదాపు 70 శాతమే వేసుకున్నట్టు.

హైదరాబాద్‌లో ఇది తప్పిపోయే చోటు ఒకటుంది. మూడో నెల దాటితే గానీ బయటికి చెప్పకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. చుట్టాలకు చెప్పకపోయినా ఫర్వాలేదు, దవాఖానాకు చెప్పకపోతే మాత్రం నష్టం. కార్డు రాయించుకునే సరికి 16 వారాలు దాటితే ఆస్పిరిన్ వల్ల వచ్చే లాభంలో పెద్ద భాగం పోయినట్టే. 11 నుంచి 13 వారాల ఆరు రోజుల లోపు బిడ్డ మెడ వెనక నీటిపొరను కొలిచేందుకు చేసే ఎన్‌టీ స్కాన్ రోజే దీనికి సరైన రోజు. ఆ రోజు రెండు చేతులకూ బీపీ చూసి, గర్భసంచి ధమనుల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ తీసి, పీఎల్‌జీఎఫ్ రక్తపరీక్ష కలిపితే ముప్పు లెక్క మరింత కచ్చితంగా వస్తుంది. పీఎల్‌జీఎఫ్ అందుబాటులో లేని చోట చరిత్రను బట్టి నిర్ణయించినా తప్పు లేదు.

చరిత్ర అంటే ఇదీ. గత కాన్పులో ప్రీఎక్లాంప్సియా, గర్భానికి ముందునుంచే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు), కవలలు. వీటిలో ఒక్కటున్నా ఆస్పిరిన్ ఇవ్వాలి. మొదటి కాన్పు, 35 దాటిన వయసు, ఎక్కువ బరువు, అమ్మకో అక్కచెల్లెళ్లకో ఇది వచ్చి ఉండటం, కాన్పుల మధ్య పదేళ్ల ఎడం, ఐవీఎఫ్ గర్భం: వీటిలో రెండు కలిసినా ఆలోచించాలి. ఐవీఎఫ్‌లో ఒక మెలిక ఉంది. అండం విడుదలను ఆపేసి, హార్మోన్ మాత్రలతోనే గర్భసంచిని సిద్ధంచేసి, గడ్డకట్టించిన పిండాన్ని ప్రవేశపెట్టే పద్ధతిలో ఈ ముప్పు ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే పసుపు గ్రంథి రక్తనాళాలను సడలించే హార్మోన్లు వదులుతుంది. ఈ పద్ధతిలో ఆ గ్రంథి ఉండదు. నగరంలో ఐవీఎఫ్ సెంటర్ల నుంచి మామూలు ప్రసూతి డాక్టరుకు మారేటప్పుడు ఏ పద్ధతిలో పిండాన్ని పెట్టారో కాగితం మీద రాయించుకోవడం మంచిది.

150 మిల్లీగ్రాముల మాత్ర దొరక్కపోతే 75వి రెండు. పడుకునే ముందు, నమలకుండా. కడుపులో పుండు, ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చే తత్వం, రక్తస్రావపు జబ్బు ఉన్నవాళ్లకు కుదరదు కాబట్టి సొంతంగా మొదలుపెట్టకూడదు. రక్తం పలచబడి గర్భం పోతుందన్న భయానికి ఈ చిన్న మోతాదులో ఆధారం లేదు. నొప్పుల మాత్రలైన ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ సంగతి పూర్తిగా వేరు, వాటి జోలికి పోవద్దు. ఇక దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజే, ఏ ముప్పూ లేని అమ్మాయికి, ఆస్పిరిన్‌తో పాటు పొట్ట మీద రోజూ, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్ రాయడం. రక్తం తేలిగ్గా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు లాంటి స్పష్టమైన కారణం లేకుండా దానికి ఈ జబ్బు విషయంలో గట్టి ఆధారం లేదు. ఎందుకు రాశారని అడగడం అమర్యాదేమీ కాదు.

అంకె తప్పితే అంతా తప్పు

గర్భం 20 వారాలు దాటాక, నాలుగు గంటల తేడాతో రెండుసార్లు పైఅంకె 140 గానీ కిందిఅంకె 90 గానీ చేరితే బీపీ వచ్చినట్టు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ 24 గంటల్లో 300 మిల్లీగ్రాములు, లేదా ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.3 దాటితే ప్రీఎక్లాంప్సియా. ప్రొటీన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు పడినా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో 1.1 దాటినా, కాలేయపు ఎంజైములు రెట్టింపైనా, తగ్గని తలనొప్పి ఉన్నా అదే జబ్బు. ఆల్బుమిన్ లేదు కదా అని ఇంటికి పంపేయడం పాత అలవాటు. అలాగే ఆల్బుమిన్ ఎంత ఎక్కువుంటే జబ్బు అంత ముదిరినట్టన్నదీ పాత మాటే.

ఇన్ని నిర్ణయాలు నిలబడేది ఆ అంకె మీద. రద్దీ ఓపీలో అది తేలిగ్గా తప్పుతుంది. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోవాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, మూత్రం బిగబట్టుకుని ఉండకూడదు, మాట్లాడకూడదు. అంతకు ముందు అరగంటలో ఇరానీ చాయ్ తాగి ఉంటే ఆ అంకెను నమ్మలేం. పట్టీ గుండె ఎత్తున ఉండాలి. దండచేయి చుట్టుకొలత 33 సెంటీమీటర్లు దాటితే పెద్ద పట్టీ కావాలి. చిన్నదానితోనే లాగించేస్తే లేని బీపీ కనిపిస్తుంది. దీనికన్నా ప్రమాదకరమైన తప్పు ఇంకోటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నామెకు పైనున్న కుడిచేతికి పట్టీ కట్టడం. చేయి గుండెకన్నా ఎత్తులో ఉండటంతో అంకె బాగా తగ్గి కనిపిస్తుంది, ఉన్న బీపీ లేనట్టవుతుంది. వరసగా నాలుగు నెలలూ కార్డులో 120/80 అనే ఉంటే అదీ అనుమానించాల్సిందే. కొలిచిన బీపీ అంత గుండ్రంగా, ప్రతిసారీ ఒకేలా రాదు.

మొదటి బీపీ 12 వారాల లోపే ఎందుకు రాయించుకోవాలన్నదీ ఇక్కడే అర్థమవుతుంది. నడిమి నెలల్లో బీపీ సహజంగానే దిగుతుంది. ముందునుంచీ బీపీ ఉన్నామె ఐదో నెలలో మొదటిసారి వస్తే 120/76 కనిపించి అంతా బాగున్నట్టుంటుంది. ఎనిమిదో నెలలో 146/94 అయితే, అది పాత బీపీ తిరిగొచ్చిందా, కొత్త జబ్బు మొదలైందా అన్నది తేల్చడానికి ఆధారం ఉండదు. గర్భానికి ముందు టెల్మిసార్టాన్ లాంటి మాత్ర వాడుతున్నవాళ్లు గర్భం తెలియగానే డాక్టరును కలిసి మార్పించుకోవాలి. ఆ తరగతి మందులు బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఇక్కడ వాడే మందులు.

ఇంట్లో మిషను కొనేవాళ్లకు ఒక మాట. ప్రీఎక్లాంప్సియా ఉన్నప్పుడు చాలా డిజిటల్ మిషన్లు అసలు కన్నా తక్కువ చూపిస్తాయి. గర్భిణుల్లో పరీక్షించి ధ్రువీకరించిన మోడలేనా అని చూసుకుని, మొదటిసారి దవాఖానాకు తీసుకెళ్లి అక్కడి అంకెతో సరిచూసుకోవాలి. పైఅంకె 160 గానీ కిందిఅంకె 110 గానీ వస్తే 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. అలాగే ఉంటే తెల్లారేదాకా ఆగే పని కాదు.

కాళ్ల వాపు సంగతి చెప్పకుండా ఈ భాగం ముగియదు. నీరు పట్టిందని బార్లీ నీళ్లు తాగించడం, ఉప్పు మాన్పించడం మన ఇళ్లలో మామూలు. సాయంత్రానికి పాదాలు వాచడం మామూలు గర్భంలోనూ ఉంటుంది కాబట్టి దాన్ని నిర్ధారణ లెక్కలోంచే తీసేశారు. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, వారంలో కిలోకు మించి బరువు పెరగడం మాత్రం చూసుకోవాలి. బార్లీ నీళ్ల వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా ఆగుతుందన్నది నిలబడలేదు. నెలల తరబడి మంచం మీదే ఉంచడమూ నిలబడలేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు.

తిండి వైపు నుంచి రుజువైన పని ఒకటుంది: కాల్షియం. తిండిలో కాల్షియం తక్కువున్న చోట ఇది ప్రీఎక్లాంప్సియాను తగ్గిస్తుంది. మన దేశంలో 14 వారాల నుంచి రోజుకు 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 1,500 మిల్లీగ్రాములు తప్పనిసరా అని బెంగళూరులోనూ, టాంజానియాలోనూ 11,000 మంది చొప్పున మహిళల్లో పరీక్షించి 2024లో ప్రచురించారు. ప్రీఎక్లాంప్సియాను ఆపడంలో 500 ఇచ్చినా ఫలితం తీసిపోలేదు. మాత్రలు వికారంగా ఉన్నాయని మొత్తం మానేసేవాళ్లు ఒక్కటైనా వేసుకోవచ్చని దీనర్థం. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకూడదు, ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఇక రాగుల్లో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం, 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. జావ, సంకటి మన వంటింట్లో ఉన్నవే.

అనుమానం వచ్చాక

బీపీ అటూఇటూగా ఉన్నప్పుడు ఎస్‌ఫ్లిట్-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి పరీక్ష రాస్తుంటారు. 2016లో వచ్చిన అధ్యయనం దీనికి 38 అనే గీత గీసింది. నిష్పత్తి 38 లోపుంటే రాబోయే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా రాదని 99 శాతం ధీమాగా చెప్పొచ్చు. 38 దాటితే? నాలుగు వారాల్లో జబ్బు వచ్చింది నూటికి 37 మందికే. అంటే ఈ పరీక్ష ఇంటికి పంపడానికి పనికొస్తుంది, ఎక్కువ వచ్చిందని ఆ ఒక్క అంకెతో కాన్పు చేసేయడానికి కాదు.

తీవ్రమైన బీపీని దించడానికి ఐసీయూ, సిరంజి పంపు ఉండాల్సిందే అనుకునే కాలంలో నాగపూర్‌లోని రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 894 మంది మహిళల మీద ఒక అధ్యయనం జరిగింది. 2019లో ఫలితాలు వచ్చాయి. నోటి ద్వారా ఇచ్చిన నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా మూడూ ఆరు గంటల్లో మూడొంతులకు పైగా మహిళల్లో బీపీని అదుపులోకి తెచ్చాయి. నిఫెడిపిన్ కాస్త ముందుంది. చిన్న ఊళ్లోంచి హైదరాబాద్‌కు రెఫర్ చేసేటప్పుడు మాత్ర వేసి పంపడానికీ, ఉత్త చేతులతో అంబులెన్స్ ఎక్కించడానికీ ఉన్న తేడా ఇది. నిఫెడిపిన్ క్యాప్సూల్‌కు చిల్లు పొడిచి నాలుక కింద పిండే పాత పద్ధతి మాత్రం వద్దు. బీపీ ఒక్కసారిగా కుప్పకూలితే బిడ్డకు రక్తం అందదు.

ఫిట్స్ రాకుండా ఆపేది బీపీ మందు కాదు, మెగ్నీషియం సల్ఫేట్. 33 దేశాల్లో 10,141 మందితో జరిపిన మ్యాగ్‌పై అధ్యయనం 2002లో దీన్ని తేల్చేసింది. ఎక్లాంప్సియా 1.9 శాతం నుంచి 0.8కి దిగింది. మందు చవక, వాడకంలో మాత్రం లెక్క తప్పకూడదు. మనకు దొరికేది 50 శాతం ద్రావణం, 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఒక గ్రాము. నాలుగు ఆంప్యూళ్లు, అంటే 8 మిల్లీలీటర్లు తీసుకుని, దానికి 12 మిల్లీలీటర్ల నీరు లేదా సెలైన్ కలిపి 20 శాతం చేసి, నరంలోకి నిదానంగా ఇస్తారు. 50 శాతం మందును పలచన చేయకుండా నరంలోకి ఎక్కించడం ఘోరమైన తప్పు. తర్వాత ఒక్కో పిరుదులోకి 5 గ్రాముల చొప్పున. ఆపైన నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, కాన్పు అయ్యాకో చివరి ఫిట్ తర్వాతో 24 గంటల దాకా. ప్రతి డోసుకు ముందు మూడు చూడాలి: మోకాలి మీద తడితే కాలు ఎగరాలి, నిమిషానికి 16 శ్వాసలకు తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. మెగ్నీషియం బయటికి పోయేది మూత్రంలోనే. మూత్రం తగ్గితే మందు ఒంట్లో పేరుకుంటుంది. ముందు మోకాలి ఎగురు పోతుంది, తర్వాత శ్వాస. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ఒక గ్రాము, మంచం పక్కనే ఉండాలి. తోడున్నవాళ్లు మూత్రం సంచి నిండిందని నర్సుకు చెప్పకుండా ఖాళీ చేస్తే ఆ లెక్క పోతుంది. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టవడం మామూలే, కంగారు పడక్కర్లేదు.

ఇంట్లో ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. నోట్లో చెంచా పెట్టొద్దు. చేతిలో తాళాల గుత్తి పెడుతూ కూర్చుంటే పోయేవి నిమిషాలు.

ఎప్పుడు కాన్పు చేయాలన్నది చివరికి మాయ తీసేసే ముహూర్తం ప్రశ్నే. 37 వారాలు నిండితే ఆగడంలో లాభం లేదు. 36 వారాల తర్వాత నొప్పులు తెప్పించిన వాళ్లలో తల్లికి ముప్పులు తగ్గాయనీ, సిజేరియన్లు పెరగలేదనీ 2009లో నెదర్లాండ్స్ అధ్యయనం చూపింది. తీవ్ర లక్షణాలుంటే 34 వారాలకే. అంతకు ముందైతే పిల్లల ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రిలో, రోజూ రక్తపరీక్షలు, డాప్లర్ చూసుకుంటూ, బిడ్డ కోసం గడిపే ప్రతి రోజునూ తల్లి ప్రాణంతో తూచుకోవాలి. ఆ ఎడంలో డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి నాలుగు డోసులు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధమవుతాయి. మనదేశంతో సహా ఐదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన అధ్యయనంలో పసికందుల మరణాలు తగ్గాయని 2020లో తేలింది. షుగరున్న తల్లికి కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ప్రీఎక్లాంప్సియా ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. వాటికి ఈ జబ్బు పేరు కూడా తోడు చేయనక్కర్లేదు. అలాగని ప్లేట్‌లెట్లు పడుతున్నామెకు పంచాంగం చూసి ఎల్లుండి పొద్దున అని పట్టుబట్టడం ఇంకా పెద్ద తప్పు.

పుట్టింటి దారిలో

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలో సీమంతం, తర్వాత ప్రయాణం. తొందరగా వచ్చే ప్రీఎక్లాంప్సియా బయటపడేది సరిగ్గా అదే సమయంలో. హైదరాబాద్‌లో చూసిన డాక్టరు ఒకరు, నల్గొండలోనో కరీంనగర్‌లోనో చూసే డాక్టరు ఇంకొకరు. మధ్యలో మూడు నాలుగు వారాలు ఎవరూ బీపీ చూడరు, ఎకోస్ప్రిన్ పాత ఇంట్లోనే ఉండిపోతుంది. 28వ వారం తర్వాత రెండు వారాలకు మించి ఎడం రాకుండా, చేరిన వారంలోనే దగ్గర్లోని పీహెచ్‌సీలో బీపీ చూపించుకుంటే ఆ సందు మూసుకుంటుంది. ఈ నెలల్లో కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అని మాత్ర మింగి పడుకోకూడదు. కాలేయం వాచినా నొప్పి అక్కడే వస్తుంది. పారాసిటమాల్‌కు లొంగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చివరి నెలల్లో కొత్తగా వాంతులు, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏదున్నా ఆ పూటే వెళ్లాలి.

కాన్పుతో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. బీపీ మళ్లీ శిఖరానికి చేరేది కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల్లో, అంటే చాలామంది డిశ్చార్జయి ఇంటికొచ్చాక. పురిటి గదిలో బాలింత తలనొప్పంటే గాలి తగిలిందంటారు. సిజేరియన్ అయినామెకైతే వెన్నులో ఇచ్చిన మత్తు వల్లనంటారు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. మత్తు తలనొప్పి లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. బీపీ తలనొప్పి పడుకున్నా వదలదు. రెండిట్లో ఏదైనా సరే, ముందు బీపీ చూడాలి. డిశ్చార్జయిన మూడు రోజుల్లో ఒకసారి, పది రోజుల్లోపు ఇంకోసారి చూపించుకోవాలి. ఆశా కార్యకర్త వచ్చినా, బస్తీ దవాఖానాకు వెళ్లినా చాలు. మిథైల్‌డోపా వాడుతుంటే కాన్పు తర్వాత మార్చమని అడగొచ్చు, అది దిగులును పెంచొచ్చు. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులు వేరే ఉన్నాయి. పన్నెండు వారాలకూ బీపీ మామూలుకు రాకపోతే దాన్ని దీర్ఘకాలిక బీపీగా చూడాలి. వచ్చినా సరే, ఈ జబ్బు వచ్చిన మహిళలకు తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపు. ఏడాదికోసారి బీపీ, షుగరు చూపించుకోవడం అందుకే.

డిశ్చార్జి కాగితం మీద "గర్భంలో బీపీ, సిజేరియన్ అయింది" అని మాత్రమే ఉంటే అది అసంపూర్ణం. ఎన్నో వారంలో బీపీ మొదలైంది, ఎంతవరకు వెళ్లింది, ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయి, మెగ్నీషియం ఇచ్చారా, ఎన్ని వారాలకు కాన్పు, బిడ్డ బరువెంత, ఇవన్నీ రాయించుకోవాలి. ఎంత ముందు వారంలో కాన్పు చేయాల్సి వచ్చిందో, మళ్లీ వచ్చే అవకాశం అంత ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత, ఇంకో ఊళ్లో, ఇంకో డాక్టరు ముందు, ఎన్‌టీ స్కాన్ రోజున ఆస్పిరిన్ రాయాలా వద్దా అని తేల్చేది ఆ కాగితమే.